బంతి ఎక్కడికీ పోదు

బేస్‌బాల్‌లో అన్నిటికన్నా కష్టమైన పని, దూసుకొచ్చే బంతిని గుండ్రటి బ్యాటుతో కొట్టడం. క్రికెట్ బ్యాటుకు ఒక పక్కయినా చదునుగా ఉంటుంది. ఇక్కడ బంతీ గుండ్రమే, బ్యాటూ గుండ్రమే. అదే వృత్తిగా బతికే ఆటగాళ్ళు కూడా పదిసార్లలో మూడుసార్లు హిట్ కొడితే గొప్ప బ్యాటర్ల కింద లెక్క. అలాంటి ఆటను అయిదేళ్ళ పిల్లలకు ఎలా నేర్పాలి? అమెరికాలో దీనికి ఒక సులువు దొరికింది. బంతిని కదలకుండా ఆపేశారు.

బ్యాటర్ నిలబడే చోట ఉండే హోమ్ ప్లేట్ మీద రబ్బరు గొట్టం ఒకటి నిలబెడతారు. దాన్ని టీ అంటారు. పిల్ల నడుము ఎత్తుకు దాన్ని పైకో కిందికో జరిపి, మీద బంతి పెడతారు. విసిరేవాళ్ళుండరు. పిల్ల సర్దుకుని, బ్యాటు ఎత్తి, కొట్టాలనిపించినప్పుడు కొడుతుంది. అప్పటిదాకా బంతి అక్కడే ఉంటుంది. ఇదే టీ బాల్. పిల్లల బేస్‌బాల్ సంస్థ లిటిల్ లీగ్‌లో నాలుగేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా పిల్లలు ఆడతారు. టీ బాల్ కోసమే చేసిన బ్యాట్లు 26 అంగుళాలకు మించవు. బంతి చూడటానికి అసలు బేస్‌బాల్‌లాగే ఉంటుంది గానీ లోపల మెత్తన. కొట్టాక పరిగెత్తి చేరాల్సిన చోట్లను బేస్‌లంటారు. పెద్దవాళ్ళ ఆటలో బేస్‌కీ బేస్‌కీ మధ్య 90 అడుగులుంటే ఇక్కడ 50, మహా అయితే 60. చాలా లీగుల్లో స్కోరు రాయరు. జట్టులో అందరూ వరసగా బ్యాటు పట్టాకే ఇన్నింగ్స్ అయిపోతుంది.

టెక్సస్‌లో డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ లాంటి ఊళ్ళలో తెలుగువాళ్ళ ఇళ్ళు బాగా పెరిగాయి. వసంతకాలంలో శనివారం పొద్దున ఇక్కడి పార్కులకు వెళితే, కంచె పక్కన మడత కుర్చీల్లో మన అమ్మమ్మలూ తాతయ్యలూ కూర్చుని ఉంటారు. మైదానంలో వాళ్ళ మనవలు, తలకు మించిన హెల్మెట్లతో. నేను ఆ మైదానాల్లో పిల్లలకు కోచ్‌గా పనిచేస్తుంటాను. జీతం ఏమీ ఉండదు. ఈ దేశంలో చిన్నపిల్లల ఆటలు చాలా మటుకు తల్లిదండ్రుల శ్రమదానం మీదే నడుస్తాయి. ఈ పని చేస్తున్నకొద్దీ నాకు ఒక అభిప్రాయం గట్టిపడింది. టీ బాల్ కోచ్ బళ్ళో మాస్టారిలా ఉండకూడదు. వీధిలో చిన్నవాళ్ళను వెంటేసుకుని ఆడే పెద్దపిల్లల్లా ఉండాలి.

ఆ మాటకు వచ్చేముందు ఈ టీ సంగతి కాస్త చెప్పాలి. పిల్లల ఆటలోకి దీన్ని ఎవరు తెచ్చారన్న దానిమీద ఊళ్ళ మధ్య ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. మిషిగన్ రాష్ట్రంలోని ఆల్బియన్, 1956లో జెర్రీ సాచార్స్కీ అక్కడే ఇలా ఆడించారని చెబుతుంది. జార్జియాలోని వార్నర్ రాబిన్స్ 1958 నాటి తన కథ చెబుతుంది. ఎవరు ముందైనా, అవసరం మాత్రం ఒకటే. ఆరేళ్ళ పిల్లాడు విసిరితే బంతి ప్లేట్ దాకా తిన్నగా రాదు. వచ్చినా, ఎదుటనున్న ఆరేళ్ళ పిల్లాడి చూపుకూ చేతికీ అది అందదు. పూటంతా గడిచినా బ్యాటుకు బంతి తగలదు. 1939లో కార్ల్ స్టాట్జ్ పెన్సిల్వేనియాలోని విలియమ్స్‌పోర్ట్‌లో మొదలుపెట్టిన లిటిల్ లీగ్ కాస్త ఎదిగిన మగపిల్లల కోసం. ఈ రబ్బరు గొట్టం వచ్చాక చిన్నవాళ్ళకూ లోపల చోటు దొరికింది. 2001లో అధ్యక్షుడు జార్జ్ డబ్ల్యూ. బుష్ వైట్‌హౌస్ సౌత్ లాన్‌లోనే టీ బాల్ ఆటలు పెట్టించారు. ఆయన చిన్నప్పుడు మా టెక్సస్‌లోనే, మిడ్లండ్‌లో లిటిల్ లీగ్ ఆడినవారు.

ఇది చిన్నపిల్లల వస్తువే కదా అని తీసిపారేసే తండ్రులు కొందరున్నారు. అమెరికా అగ్రశ్రేణి మేజర్ లీగ్ ఆటగాళ్ళు ఇవాళ్టికీ ఆటకు ముందు టీ మీద బంతి పెట్టుకుని కొడతారని వాళ్ళకు చెబుతుంటాను. బంతి కదలనప్పుడే తన ఒళ్ళు ఎలా కదులుతోందో ఆటగాడికి తెలుస్తుంది. కోట్ల డాలర్ల జీతగాడికి పనికొచ్చే సాధన మన బుడ్డోడికి తక్కువేమీ కాదు.

ఇక టీ ముందు ఏం జరుగుతుందో దగ్గర్నుంచి చూద్దాం. మొదటిసారి వచ్చిన పిల్లలు దాదాపు అందరూ బంతి తమ పొట్టకు ఎదురుగా ఉండేట్టు నిలబడతారు. అలా నిలబడితే బ్యాటు పూర్తిగా తిరగకముందే బంతి అడ్డం వస్తుంది, చేతులు ముడుచుకుపోతాయి. బంతి ముందుపాదానికి ఎదురుగా ఉండాలి, అంటే పిల్ల కాస్త వెనక్కి జరగాలి. "కొంచెం వెనక్కి జరుగమ్మా" అంటే ఏ పిల్లయినా రెండు బారలు వెనక్కి పోతుంది. మళ్ళీ ముందుకు రమ్మంటే బంతి మీదికే వస్తుంది. అందుకని మాట కట్టిపెట్టి, బ్యాటు కొసతో మట్టిలో రెండు సున్నాలు గీస్తాను. కాళ్ళు వాటిలో పెట్టమంటాను. అంతే, ఇక చెప్పాల్సిన పనిలేదు. తర్వాతిసారి వంతు వచ్చినప్పుడు ఆ సున్నాల కోసం వాళ్ళే వెతుక్కుంటారు. చెరిగిపోతే మళ్ళీ గియ్యమని అడుగుతారు.

తర్వాత చేతులు. రెండు పిడికిళ్ళూ ఒకదానిమీద ఒకటి ఆనుకుని ఉండాలి. కుడిచేతివాటం పిల్లయితే కుడిచెయ్యి పైన. చాలామంది తిరగేసి పట్టుకుంటారు. నేను నా చేతులతో పట్టుకుని చూపిస్తాను, వాళ్ళు తమ చేతులు చూసుకుని మార్చుకుంటారు. అప్పుడు బ్యాటు లేస్తుంది. కట్టెలు కొట్టినట్టు పైనుంచి దిగి రబ్బరు గొట్టం మీద పడుతుంది. దబ్బుమని చప్పుడు. గొట్టం వంగి లేస్తుంది. బంతి జారి పాదాల దగ్గర పడుతుంది. పిల్ల వెంటనే బంతి వంక చూడదు. మన మొహంలోకి చూస్తుంది.

టీ బాల్ కోచ్ చెయ్యాల్సిన పని అంతా అక్కడే ఉంది. ఆ చూపుకు ఎదురుగా నిట్టూర్పు కనిపించకూడదు, "అయ్యో" అన్న జాలీ కనిపించకూడదు. "సూపర్" అని లేని గొప్ప ఆపాదించడం కూడా నాకు ఇష్టం లేదు. తగల్లేదని ఆ పిల్లకు తెలుసు, మనం అబద్ధం చెబుతున్నామని కూడా తెలుస్తుంది. నేను బంతి తీసి మళ్ళీ పైన పెడతాను. గొట్టం సరిచేస్తాను. "ఇంకోటి" అంటాను. ఆ ఒక్క మాట చాలు. ఎన్నిసార్లయినా బంతి అలాగే, అదే ఎత్తులో మళ్ళీ వస్తుందన్న నమ్మకం కుదిరిన పిల్ల బిగుసుకోవడం మానేస్తుంది.

ఒక సీజన్‌లో మా జట్టుకు ఒక పాప వచ్చింది. ఇండియా నుంచి వచ్చి ఎక్కువ కాలం కాలేదు, ఇంగ్లీషు ఇంకా మాట్లాడటం లేదు. తన వంతు వస్తే ప్లేట్ దగ్గరికి రాకుండా నా చొక్కా అంచు పట్టుకుని నిలబడింది. వెనక పిల్లలు అసహనంగా ఉన్నారు. కంచె అవతల నుంచి వాళ్ళ నాన్న, "మోచెయ్యి పైకెత్తు! బంతి చూడు! మోకాళ్ళు వంచు! గట్టిగా కొట్టమ్మా!" అని ఒకటే కేకలు. ఒక్క ఊపులో నాలుగు పనులు పెద్దవాళ్ళకే చేతకావు. నేను కింద మోకాళ్ళ మీద కూర్చుని, తెలుగులోనే, "తొందరేం లేదమ్మా. బంతి ఎక్కడికీ పోదు. నువ్వు దాన్నే చూడు" అన్నాను. చాలాసేపు చూసింది. కొట్టింది. బంతి గాల్లోకి లేవలేదు, మట్టిలో దొర్లుకుంటూ, మామూలు ఆటలో బంతి విసిరే పిచర్ నిలబడే చోటు దాకా పోయింది. పాప పరిగెత్తలేదు. అందరూ "రన్, రన్" అని అరుస్తుంటే అలాగే నిలబడి ఆ బంతి వైపు చూస్తోంది. నేను ఆమె పక్కన ఫస్ట్ బేస్ వైపు పరుగందుకున్నాను. అప్పుడు నా వెంట పరిగెత్తింది.

కొట్టినదాన్ని కాసేపు చూసుకోవాలన్న కోరిక ఎంత న్యాయమైనదో పెద్దలం మరిచిపోయాం. పరుగు నేర్పాల్సిందే, కాదనను. కానీ అది కేకలతో వచ్చేది కాదు. ఎవరో ఒకరు పక్కన పరిగెడితే వస్తుంది.

మన ఇళ్ళ పిల్లల్లో ఇంకో సంగతి గమనించాను. టీవీలో ఐపీఎల్ చూసి పెరిగినవాళ్ళు కొట్టాక బ్యాటు పట్టుకునే పరిగెడతారు. ఫస్ట్ బేస్ దగ్గర దాన్ని నేలకు ఆనిస్తారు కూడా. క్రికెట్‌లో అది ఒప్పు, ఇక్కడ బ్యాటు వదిలెయ్యాలి. అలాగని విసిరెయ్యకూడదు, విసిరితే పక్కవాళ్ళకు తగులుతుంది. ప్లేట్ పక్కన ఒక ప్లాస్టిక్ రింగు వేసి, బ్యాటు అందులో పెట్టి పరిగెత్తమంటాం. వంతు వచ్చిన పిల్ల చేతిలో తప్ప మైదానంలో ఇంకెవరి చేతిలోనూ బ్యాటు ఉండకూడదు. పెద్దవాళ్ళ ఆటలో తర్వాతి బ్యాటర్ పక్కన నిలబడి బ్యాటు ఊపుతూ ఒళ్ళు వేడెక్కించుకుంటాడు. ఈ వయసువాళ్ళకు లిటిల్ లీగ్ ఆ పద్ధతినే తీసేసింది. ఈ ఒక్క విషయంలో మాత్రం నేను మాస్టారినే. ఇక్కడ నా గొంతు పెరుగుతుంది.

ఇక ఫీల్డింగ్. ఒకరు కొడుతుంటే పదిమంది నిలబడి ఉంటారు. ఆ పదిమంది ఏం చేస్తారు? గడ్డిలో పసుపు రంగు డాండెలైన్ పూలు కోస్తారు. బూటు కొసతో మట్టి తవ్వుతారు. గ్లవ్ నెత్తిన పెట్టుకుంటారు. ఒకడు కూర్చుండిపోతాడు, టెక్సస్ గడ్డిలో కుట్టే ఎర్రచీమల పుట్టలుంటాయి కాబట్టి వాడిని ముందు లేపాలి. ఇంతలో బంతి వస్తుంది, పదిమందీ ఒకేసారి దానిమీద పడతారు. చూసే తల్లిదండ్రులకు ఇది క్రమశిక్షణ లేకపోవడంలా కనిపిస్తుంది. నాకలా అనిపించదు. చేతికి పనివ్వకుండా అయిదేళ్ళ పిల్లను నిలబెట్టింది మనం. ఎవరి వంతు ఎప్పుడొస్తుందో తెలియని చోట నిలబెడితే ఆ పిల్ల తన పని తాను వెతుక్కుంది. పూలు కొయ్యడం పనే.

అందుకని శనివారం ఆటకన్నా మధ్యవారంలో జరిగే ప్రాక్టీసుకే నేను ఎక్కువ విలువ ఇస్తాను. పిల్లలను ముగ్గురు నలుగురుగా విడగొట్టి, మైదానంలో నాలుగు చోట్ల నాలుగు పనులు పెడతాం. ఒకచోట టీ. ఒకచోట బేస్‌ల చుట్టూ పరుగు, ఎందుకంటే కొట్టగానే ఫస్ట్ బేస్‌కు బదులు మూడో బేస్ వైపు పరిగెత్తే పిల్ల ప్రతి జట్టులోనూ ఉంటుంది. ఒకచోట విసరడం. ఒకచోట నేల మీద దొర్లించిన బంతిని పట్టడం. గ్లవ్ కింద, ఉత్తచెయ్యి పైన, మొసలి నోరు తెరిచినట్టు పెట్టి టప్పున మూయాలి. మొసలి అనగానే వాళ్ళకు వంగడం ఎలాగో వచ్చేస్తుంది, నడుము వంచు మోకాలు వంచు అని చెప్పనక్కర్లేదు. ఏ చోటా వరస పొడుగ్గా ఉండకూడదు. ప్రతి చేతికీ ఒక బంతి. ఏడెనిమిది నిమిషాలు కాగానే చోటు మార్చాలి. గంటలో ప్రాక్టీసు ముగియాలి. ఇంకాసేపు ఉంటామని పిల్లలు మారాం చేస్తుండగానే ఇంటికి పంపెయ్యాలి.

ఇప్పుడు, మొదట అన్న వీధి సంగతి చెప్పాలి. తెలంగాణలో చిర్రగోనె అన్నా, కోస్తాలో బిళ్ళంగోడు అన్నా, మన పిల్లలు కట్టెముక్కను కట్టెతో కొట్టడం ఎవరి దగ్గరా కూర్చుని నేర్చుకోలేదు. పెద్దవాళ్ళెవరూ ఆ చుట్టుపక్కల ఉండేవాళ్ళే కాదు. ఆడించేది తొమ్మిదేళ్ళ, పదేళ్ళ పిల్లలు. వాళ్ళ వెంట తోకలా వచ్చిన తమ్ముడో చెల్లెలో ఉంటే, పంపేస్తే ఇంట్లో తిట్లు పడతాయి కాబట్టి, ఆటలో అరటిపండుగా చేర్చుకునేవాళ్ళు. ఆ పిల్ల అవుటైనా అవుట్ కాదు. దాని దెబ్బ లెక్కలోకి రాదు. కానీ వంతు మాత్రం తప్పకుండా వచ్చేది. ఏడాది తిరిగేసరికి ఆ పిల్లకు ఆట వచ్చేసేది, అరటిపండు హోదా ఇంకొకరికి పోయేది. ఎవరు నేర్పారు, ఎప్పుడు నేర్పారు అని అడిగితే ఎవరికీ తెలియదు.

అందులో ఒక్క లోటుంది. అందరూ అసలు ఆట ఆడుతుంటే తాను మాత్రం ఉత్తుత్తికి ఆడుతున్నానని ఆ పిల్లకు తెలిసేది. కొన్నాళ్ళకు అది గుచ్చుకునేది కూడా. టీ బాల్‌లో ఆ ముల్లు లేదు. ఇక్కడ అందరి దెబ్బా ఒకే లెక్క, అవుటైనవాళ్ళు కూడా చాలా లీగుల్లో బేస్ మీదే ఉంటారు. చివరి బ్యాటర్ కొట్టగానే బేస్‌ల మీదున్న వాళ్ళంతా వరసగా హోమ్ ప్లేట్‌కు పరిగెత్తుకొస్తారు.

కానీ వీధిలో ఉండి ఇక్కడ లేనిది ఒకటుంది. పెద్దపిల్లలు. డాలస్ శివార్లలో పిల్లలు తమంతట తాము వీధిలోకి వచ్చి ఆడుకోవడం అరుదు. ఎక్కడికైనా కారు వెనకసీట్లోనే వెళతారు. వాళ్ళ వయసుకు వాళ్ళ తరగతి, వాళ్ళ జట్టు. అయిదేళ్ళవాళ్ళు అయిదేళ్ళవాళ్ళనే చూస్తారు, తప్పితే పెద్దవాళ్ళను. అందుకే మా ప్రాక్టీసులకు అన్నయ్యలనూ అక్కయ్యలనూ తీసుకురమ్మని ఇళ్ళకు చెబుతాను. తొమ్మిదేళ్ళ అక్క ఎక్కువ మాట్లాడదు. "ఇలా" అని ఒకసారి కొట్టి చూపించి బ్యాటు ఇచ్చేస్తుంది. నేను ఎన్ని సున్నాలు గీసినా రానిది ఆ "ఇలా"తో వచ్చేస్తుంది. పిల్లకు తన ఒళ్ళు నా ఒళ్ళులా కనిపించదు, అక్క ఒళ్ళులా కనిపిస్తుంది. అయిదేళ్ళ పిల్లకు తొమ్మిదేళ్ళ పిల్లను మించిన కోచ్ లేదని నా నమ్మకం. మేం పెద్దలం చెయ్యగలిగింది, వాళ్ళిద్దరినీ ఒకచోట చేర్చి, దెబ్బలు తగలకుండా చూసి, బంతులు ఏరుకొచ్చి పెట్టడం.

మైదానంలో మన ఆడపిల్లలను చూసినప్పుడు ఇంకో పేరు గుర్తొస్తుంది. 1972లో న్యూజెర్సీలోని హోబోకెన్‌లో మరియా పేపే అనే అమ్మాయి లిటిల్ లీగ్ జట్టులో మూడు ఆటలు ఆడింది. ఆడపిల్లలకు చోటు లేదన్న నియమం కింద ఆమెను తప్పించారు. కేసు నడిచింది. 1974లో నియమం మారింది. ఇప్పుడు టీ బాల్‌లో ఆడా మగా కలిసే ఆడతారు, ఆ తేడా పిల్లల దృష్టికే రాదు. మనవరాలు బ్యాటు ఊపుతుంటే ఫోన్లో వీడియో తీసి ఊరికి పంపే అమ్మమ్మలను చూస్తే నాకు ఎంతో తృప్తిగా ఉంటుంది.

ఆట అయ్యాక మన కుర్చీల దగ్గర వినిపించే మొదటి ప్రశ్న, "ఎవరు గెలిచార్రా?" పిల్లాడు దానికి జవాబు చెప్పడు. "తాతయ్యా, ఇవాళ స్నాక్ ఏంటి?" అంటాడు. స్నాక్ తెచ్చే వంతు ఏ ఇంటిదో వాడికి తెలుసు, స్కోరు తెలియదు. కొందరు నాన్నలకు మాత్రం తెలుసు, ఫోన్లో రాసుకుంటారు. నా దగ్గరికి వచ్చి, లోకమంతా పోటీ కదా, గెలుపోటములు ఇప్పటినుంచే తెలియద్దా అని అడుగుతారు. ఆ భయం ఎక్కడిదో నాకు తెలుసు. మనమంతా మార్కుల మీదా ర్యాంకుల మీదా ఇంత దూరం వచ్చినవాళ్ళం. వాళ్ళకు నేను చెప్పేది ఇది. పోటీ ఎలాగూ వస్తుంది. టీ తీసేసి కోచ్ బంతి విసిరే వయసు వస్తుంది, ఆ తర్వాత పిల్లలే విసురుతారు, అప్పుడు స్కోరూ ఉంటుంది, పట్టికా ఉంటుంది. అప్పటిదాకా పిల్ల ఆటలో నిలిస్తే కదా! నీ వల్ల ఓడిపోయామన్న మాట ఆరేళ్ళకే పడిన పిల్ల ఎనిమిదేళ్ళకు మైదానంలో ఉండదు. సీజన్ చివర నేను చూసుకునే లెక్క ఒక్కటే, వచ్చే వసంతంలో మళ్ళీ వస్తామని ఎంతమంది తమంతట తాము అడిగారు.

కోచ్‌లు ఎక్కడా సరిపోరు. పిల్లల పేర్లు బోలెడు వస్తాయి, ఆడించేవాళ్ళ పేర్లు రావు. కోచ్‌లు దొరక్క జట్లు తగ్గించే లీగులున్నాయి. మనవాళ్ళను అడిగితే, "మాకు బేస్‌బాల్ రాదండీ, మేం క్రికెట్ వాళ్ళం" అంటారు. టీ బాల్‌కు బేస్‌బాల్ పాండిత్యం అక్కర్లేదు. చిన్నప్పుడు వీధిలో తమ్ముణ్ణో చెల్లెల్నో ఆటలో కలుపుకున్నవాళ్ళకు కావలసినదంతా ముందే వచ్చు, మిగిలిన నియమాలు ఒక సాయంత్రంలో వస్తాయి. పిల్లలతో పనిచేసేవాళ్ళ పూర్వాపరాలు లీగులు తనిఖీ చేస్తాయి, పిల్లల భద్రత మీద కొద్దిపాటి శిక్షణ ఉంటుంది, అది ఉండాల్సిందే. వారానికి రెండు పూటలు పడుతుంది. వసంతం సీజన్ పేర్ల నమోదు చాలాచోట్ల చలికాలంలోనే మొదలవుతుంది. మీ పిల్ల పేరు రాసే ఫారంలోనే, కోచ్‌గా సాయం చెయ్యగలరా అని ఒక గడి ఉంటుంది. ఈసారి దాన్ని దాటి పోకండి, టిక్కు పెట్టండి.